అప్ప విన్న లెక్కలు

మా అప్పకు బీజగణితం రాదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా నాకు లెక్కలు ఎవరు నేర్పారని అడిగితే నేను చెప్పేది అప్ప పేరే. ముప్పై ఏళ్ళు దాటింది నేను జిల్లాపరిషత్ హైస్కూళ్ళలో లెక్కల టీచరుగా చేరి. ఈ మాట ఎప్పుడు చెప్పినా కొత్తగా వచ్చిన టీచర్లు నేనేదో మర్యాదకు అంటున్నాననుకుంటారు. కాదు, అది జరిగిన సంగతి.

నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో అక్కను అప్ప అంటాం. మా అప్ప నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పెళ్ళయ్యాక పెద బొడ్డేపల్లిలో రెండు గదుల అద్దింట్లో కాపురం పెట్టింది. బావ ఆర్టీసీలో కండక్టరు. నైటవుట్ డ్యూటీ పడితే మర్నాడు పొద్దెక్కాక గాని ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ రాత్రులు అప్ప ఒళ్ళో చొక్కాలు పెట్టుకుని కాజాలు కుట్టేది. బజారులో ఒక టైలరు దగ్గర్నుంచి కట్ట కట్టి తెచ్చుకునేది. కాజాకు ఇన్ని పైసలని లెక్క. చొక్కాకు ఆరో ఏడో కాజాలు. నేను ఎదురుగా చాప మీద కూర్చునేదాన్ని, పదో తరగతి లెక్కల పుస్తకంతో.

"సెప్పు" అనేది అప్ప.

చెప్పడమంటే ఆ రోజు బళ్ళో చేసిన లెక్క మొదటి నుంచి చివరిదాకా ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం. ఆమె తల ఎత్తేది కాదు. సూది ఒక వరసలో నడుస్తూ ఉండేది. నేను చెబుతూ చెబుతూ ఒకచోట తడబడగానే సూది ఆగేది.

"ఆగిపోనావు. అక్కడ నీకు రానేదు."

"వచ్చప్పా, మర్చిపోయాను."

"వస్తే ఎందుకు మర్సిపోతావే? మళ్ళీ మొదట్నించి సెప్పు."

ఆమెకు లెక్క తెలియదు, నా గొంతు తెలుసు. ఎక్కడ నమ్మకంగా చెబుతున్నానో, ఎక్కడ బట్టీ పట్టింది అప్పజెబుతున్నానో సూది పట్టుకున్న మనిషి కనిపెట్టేసేది. వర్గ సమీకరణంలో ఆ మైనస్ గుర్తు ఎందుకు వచ్చిందో చెప్పలేక ఒక రాత్రి ఏడ్చాను. అప్ప ఓదార్చలేదు. చొక్కా పక్కన పెట్టి, దీపం వత్తి పెంచి, "రేపు మాస్టార్ని అడిగి, సాయంత్రం నాకు సెప్పు. నాక్కూడా తెలవాల" అంది. మర్నాడు జీవితంలో మొదటిసారి క్లాసులో లేచి నిలబడి ప్రశ్న అడిగాను. ఇంటి దగ్గర అప్పకు జవాబు చెప్పాలి గనక అడిగాను.

ఒక విషయం మనకు వచ్చో రాదో తేలాలంటే అది తెలియని మనిషికి చెప్పి చూడాలని తర్వాత విశాఖపట్నంలో బీఈడీ చదివేటప్పుడు మా మాస్టార్లు బోధన పద్ధతుల్లో భాగంగా చెప్పారు. నేను నోట్సు రాసుకుంటూ కాజాలు కుట్టే చేతుల్ని తలుచుకున్నాను.

ఇంట్లో ఒకరి ప్రోత్సాహం మరొకరి చదువును ఎలా మారుస్తుందో రాయాలని కూర్చుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ "సెప్పు" అన్న మాటే. మనం ప్రోత్సాహం అంటే వెన్ను తట్టడం, నాలుగు మంచి మాటలు చెప్పడం అనుకుంటాం. మా ఇంట్లో అలా జరగలేదు. మా అప్ప నన్ను "నువ్వు గొప్పదానివవుతావు" అని ఒక్కసారీ అనలేదు. ఆమె చేసినవన్నీ పనులు.

అసలు నేను హైస్కూలు గడప తొక్కడమే ఒక పెద్ద వ్యవహారం. మా ఊరు గొలుగొండ దారిలో నర్సీపట్నానికి ఆరేడు కిలోమీటర్లు. ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. అప్ప ఆ ఏడూ చదివి, పబ్లిక్ పరీక్ష పాసై, అక్కడితో ఆగిపోయింది. నర్సు ట్రైనింగు అవ్వాలని ఆమెకు ఉండేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. 1980లో నా వంతు వచ్చింది. అయ్య "సాల్లే, ఆడగుంట రోజూ అంత దూరం ఎలా ఎల్తాది" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అమ్మకు నేను కావాలి. నీళ్ళు మొయ్యాలి, గేదెను చూడాలి, చిన్న తమ్ముణ్ణి ఎత్తుకోవాలి.

అప్ప కబురు తెలిసి వచ్చింది. చదువు విలువ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్కొక్క పనీ లెక్కేసింది. దూరం అన్నారా, "నా కాడ ఉంటాది." నీళ్ళా, "పెద్ద తమ్ముడు మోస్తాడు, ఆడికి సేతుల్లేవా?" గేదెకు గడ్డి కోసేందుకు పక్కింటి అవ్వతో మాట్లాడి వచ్చింది. తిండి ఖర్చు మాటెత్తకుండా ముందే చెప్పింది, "సంక్రాంతికి ఒక బియ్యం బస్తా పంపండి, మిగిలింది నేను సూసుకుంటాను" అని. అయ్యకు అనడానికి ఇంకేమీ మిగల్లేదు. పెద్ద తమ్ముడు నెలరోజులు నాతో మాట్లాడలేదు గాని నీళ్ళు మోశాడు.

అత్తవారి వైపు నుంచి ఆమెకు మాటలు పడ్డాయి. "సొంతిల్లు లేదు గాని సెల్లిని తెచ్చి పెట్టుకుంది" అన్నది నేను చెవులారా విన్నాను. అప్ప విననట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆ రాత్రీ "సెప్పు" అంది.

ఒకరిని చదివించడమంటే వాళ్ళ వంతు పని ఇంకొకరు తీసుకోవడం, వాళ్ళ మీదకు రావాల్సిన మాట ఇంకొకరు పడటం. నాకు తెలిసిన నిజం ఇది.

ఇందుకు నేను మా పిల్లలకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో ఇంజినీరింగు పట్టా అందుకున్న తొలి మహిళల్లో ఒకరు, తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు. తెలుగింటి బిడ్డ. 1919లో మద్రాసులో పుట్టారు. ఏడుగురు సంతానంలో అయిదో ఆవిడ. ఆ కాలపు రివాజు ప్రకారం 15 ఏళ్ళకే పెళ్ళి చేశారు. 18 ఏళ్ళు వచ్చేసరికి, ఒళ్ళో నాలుగు నెలల పాప ఉండగానే, భర్త చనిపోయారు. 1937 నాటి సంగతి. ఆ రోజుల్లో వితంతువైన పిల్లకు ఆ తర్వాత బతుకు ఏమిటో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

ఆమె నాన్న పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు ప్రొఫెసరు. కూతురు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. వైద్యం చదవొచ్చు. కానీ డాక్టరుకు వేళాపాళా ఉండదు, చంటిబిడ్డ తల్లికి అది కుదరదని ఇంజినీరింగు వైపు మొగ్గింది. అప్పటికి ఆ కాలేజీలో ఒక్క ఆడపిల్లా లేదు. సుబ్బారావు గారు కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు, ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరు దగ్గరికి వెళ్ళి అనుమతి సంపాదించారు. 1940లో లలిత చేరారు. పాపను ఇంట్లోవాళ్ళు చూసుకున్నారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కర్తే హాస్టల్లో ఉండటం కష్టమని కాలేజీలో మరికొందరు అమ్మాయిలను చేర్చుకునేలా సుబ్బారావు గారే చూశారు. అలా లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ ఇంజినీరింగులో చేరారు. ముగ్గురూ కలిసి పట్టా పుచ్చుకున్నారు. లలిత పట్టా మీద ముందే అచ్చయి ఉన్న "అతడు" అన్న మాట కొట్టేసి "ఆమె" అని దిద్దాల్సి వచ్చింది.

తర్వాత ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు. సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. కొన్నాళ్ళు నాన్నతో కలిసి పరిశోధన చేశారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ఆ ఊళ్ళో ఆమె సోదరుడి కుటుంబం ఉండేది, బిడ్డను పెంచుకుంటూ ఉద్యోగం చెయ్యడానికి అదే ఆసరా. భాక్రా నంగల్ డ్యాం విద్యుత్ లైన్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళారు.

ఈ కథ చెప్పగానే క్లాసులో పిల్లలు లలిత గారి తెలివిని మెచ్చుకుంటారు. నేను సుబ్బారావు గారి కాళ్ళ గురించి అడుగుతాను. ఆయన ఎన్ని ఆఫీసుల గుమ్మాలెక్కి ఉంటారు? "కూతురు విధవరాలైతే కాలేజీకి పంపుతాడా" అన్న బంధువులకు ఎన్నిసార్లు జవాబు చెప్పి ఉంటారు? అది పుస్తకాల్లో ఉండదు. ప్రతి పట్టా వెనుకా అలాంటి కాళ్ళ జత ఒకటి ఉంటుంది.

పరిశోధకులు కూడా దీన్ని తరచి చూశారు. పశ్చిమ బెంగాల్లో గ్రామ పంచాయతీ పెద్దల పదవుల్లో మూడోవంతు ఆడవాళ్ళకు కేటాయించాక ఏం జరిగిందో 495 ఊళ్ళలో పరిశీలించి 2012లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. మామూలుగా తల్లిదండ్రులు కొడుకు మీద పెట్టుకున్నంత ఆశ కూతురి మీద పెట్టుకోరు. వరసగా రెండు ఎన్నికల్లో మహిళకే ఆ పదవి దక్కిన ఊళ్ళలో తల్లిదండ్రుల ఆశల్లోని ఈ తేడా చెప్పుకోదగ్గంత తగ్గింది. పిల్లలు తమ మీద తాము పెట్టుకునే ఆశల్లో 32 శాతం తగ్గింది. నన్ను ఆపేసింది ఈ అంకె కాదు, దాని పక్కనున్న ఇంకో సంగతి. ఆ ఊళ్ళలో ఆడపిల్లలు ఇంటి పనికి వెచ్చించే సమయం కూడా తగ్గిందట. తల్లిదండ్రుల మనసులో ఆశ పుట్టగానే పిల్ల చేతిలోంచి చీపురు కాస్త దిగింది.

మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2002 నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు యంగ్ లైవ్స్ పేరుతో 3000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. అందులో శ్రీకాకుళం పిల్లలూ ఉన్నారు. ఒకే ఇంట్లో కొడుకును ప్రైవేటు బడికి, కూతుర్ని సర్కారు బడికి పంపడం ఆ అధ్యయనంలో స్పష్టంగా కనబడింది. సర్కారు బడి టీచరుగా నేనిది వేరే చెప్పనక్కర్లేదు, నా హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. తమ్ముడు పసుపుపచ్చ బస్సెక్కి వెళ్ళిపోయాక, వాడి టిఫిన్ గిన్నె కడిగి, అక్క మా బడికి నడిచి వస్తుంది.

ఇంట్లో ఒకరు ముందుకు నడిస్తే వెనకాల వాళ్ళకు దారి పడటం మా ప్రాంతంలో అందరూ చూసిందే. సినిమా దర్శకుడు పూరి జగన్నాథ్ మా నర్సీపట్నం దగ్గర బాపిరాజు కొత్తపల్లి మనిషి. ఆయన నిలదొక్కుకున్నాక 2004లో తమ్ముడు సాయిరాం శంకర్‌ను కథానాయకుడిగా పెట్టి '143' తీశారు. ఇంకో తమ్ముడు 2019లో నర్సీపట్నం నుంచే శాసనసభకు వెళ్ళారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి ఇంట్లో ఆమె ఒక్కర్తే కాదు, అప్పచెల్లెళ్ళలో ఇంకొందరు కూడా బరువులెత్తారు. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది మల్లీశ్వరి. ఆడపిల్లలు ఇనుము ఎత్తడమేమిటని ఊరు అనే కాలంలో ఇంట్లోవాళ్ళు పంపకపోతే ఆ 240 కిలోలు ఎక్కడివి?

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అన్నీ తెలిసిన దాన్నే, నా కొడుకు దగ్గర పొరపాటు పడ్డాను. వాణ్ణి ఇంజినీరు చెయ్యాలనుకున్నాను. పదో తరగతి కాగానే దూరంగా ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించాను. వారం వారం ఫోను చేసి ర్యాంకు ఎంత అని అడిగేదాన్ని. అదే ప్రోత్సాహం అనుకున్నాను. దసరా సెలవులకు వాడు చిక్కి సగమై వచ్చాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉన్నాడు. అప్ప అది చూసి వాణ్ణి అరుగు మీదకు తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టుకుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి నాతో అంది, "నువ్వు ఆడికి సెప్తన్నావు గాని ఇంటన్నావేటే?"

ఆ ఒక్క మాట చాలింది. నా సూది ఎక్కడా ఆగడం లేదు. వాడు ఎక్కడ తడబడుతున్నాడో నేను వినడం లేదు. కాలేజీ మాన్పించాను. కట్టిన ఫీజు పోయింది. మా ఆయన కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. వాడు అడిగి మరీ వ్యవసాయ డిప్లొమాలో చేరాడు. ఇప్పుడు ఏజెన్సీలో మిరియాలు, కాఫీ వేసే రైతుల మధ్య తిరుగుతూ పనిచేస్తున్నాడు. వారానికోసారి చింతపల్లి నుంచి దిగి వచ్చినప్పుడు నేలల గురించి, పురుగుల గురించి గంటలు గంటలు చెబుతాడు. నేను వింటాను. పిల్లలకు మన ఆశను తొడగడం వేరు, వాళ్ళ ఆశకు చోటివ్వడం వేరు. రెండింటికీ మనం ఒకటే పేరు పెట్టుకున్నాం గనకే ఇన్ని ఇళ్ళల్లో పిల్లలు నలిగిపోతున్నారు.

అప్ప సంగతికొస్తాను. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో ఆమెకు చీర కొన్నాను. తీసుకుంది గాని ముఖంలో ఏదో వెలితి. 1990ల్లో డ్వాక్రా సంఘాలు వచ్చినప్పుడు వాళ్ళ వీధి సంఘానికి ఆమెనే లీడర్ని చేశారు. మినిట్సు పుస్తకం రాయాలి, బ్యాంకుకు వెళ్ళాలి. ఒకరోజు ఆ పుస్తకం నాకు చూపిస్తూ, తలదించుకుని, "నేను పది రాస్తే పాసవుతానంటావా?" అంది. నర్సు ట్రైనింగు సంగతి అప్పుడే బయటపడింది. అప్పటిదాకా ఆమె తనకంటూ నన్ను ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు, నీకేం కావాలప్పా అని. పదహారేళ్ళు ఆమె ఇంటి అన్నం తిన్నట్టే ఆమె చదువునూ తినేశానని అప్పుడు అర్థమైంది. ఒకరి ప్రోత్సాహంతో పైకొచ్చిన వాళ్ళం మనం ఆ మనిషిని ఎంత పొగుడుతామో అంతగా ఆమె ఏం వదులుకుందో అడగం.

ఓపెన్ స్కూల్లో చేర్పించాను. రాత్రిళ్ళు భోజనాలయ్యాక నేను చిక్కుళ్ళు ఒలుస్తూనో బట్టలు మడతపెడుతూనో కూర్చునేదాన్ని. ఆమె పుస్తకం పట్టుకునేది.

"సెప్పప్పా" అనేదాన్ని.

ఆమె చెప్పేది. తడబడేది. నా చెయ్యి ఆగేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి. మొదటిసారి లెక్కల్లో పోయింది. రెండోసారి గట్టెక్కింది. ఆమె మార్కుల జాబితా ఇప్పటికీ వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కన ఫ్రేములో ఉంటుంది. అప్పటికి ఆమె వయసు 42.

మా బడికి వచ్చే పిల్లల్లో సగంమంది కూలి చేసుకునేవాళ్ళ బిడ్డలు. ప్రభుత్వం సాయం చేస్తూనే ఉంది. 2020లో అమ్మ ఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం వచ్చింది. తల్లి ఖాతాలోనే డబ్బు పడటం మంచి ఆలోచన అని నేను అనుకుంటాను. కానీ పదో తరగతి పరీక్షల సమయానికి మా దగ్గర జీడితోటల సీజను మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారకముందే పిక్కలు ఏరడానికి వెళ్ళాలి. ఆ కూలి డబ్బు ఇంటికి కావాలి. పరీక్ష ముందు ఆడపిల్లలు ఒక్కొక్కరే క్లాసుకు రావడం మానేస్తారు.

నేను ఇళ్ళకు వెళతాను. ఇంతకుముందు చదువు గొప్పతనం చెప్పేదాన్ని. తల ఊపి, మర్నాడు పిల్లను తోటకు తీసుకెళ్ళేవారు. ఇప్పుడు అప్ప దారి పట్టాను, ఒక్కొక్క పనీ లెక్కేస్తాను. పిల్ల ఎన్ని రోజులు రాకపోతే ఎంత కూలి పోతుంది, పొద్దున వంట ఎవరు చెయ్యొచ్చు, తమ్ముణ్ణి ఎవరి దగ్గర వదలొచ్చు. ఈమధ్య ఒక తల్లిని పదిహేను రోజులే అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అత్తగారి వైపు చూసింది. ఆ ముసలావిడ, కళ్ళు సరిగా ఆనని మనిషి, "వంట నేను సేత్తాను, పిల్లని పంపీ" అంది. ఆ అమ్మాయి పరీక్షలన్నీ రాసింది. ఇప్పుడు నర్సీపట్నంలోనే ఇంటర్ చదువుతోంది.

అందుకే మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. ఈ ఏడు మీ ఇంట్లో పరీక్ష రాసే పిల్ల ఉంటే, ఇవాళ రాత్రి భోజనాలయ్యాక అంట్లు ఎవరు తోముతున్నారో చూడండి. ఆ పిల్లే తోముతుంటే పక్కకు తప్పించి మీరు కూర్చోండి. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కదా, ఇవాళ బళ్ళో ఏం చెప్పారో చెప్పమని అడగండి.